ఏడో నట్టు మీద తెల్ల గీత

నాన్న ఆయిల్ గొట్టాల నట్లు ఆరు పానాతో బిగించాడు. ఏడోదాన్ని చేత్తో తిప్పి పెట్టేసరికి ఇంట్లో ఫోన్ మోగింది.

"ఇది పట్టుకో. ఇప్పుడే వస్తా," అని పానా చిగుసా చేతికిచ్చి వెళ్ళాడు.

చిగుసా ఐదో తరగతి చదువుతోంది. ఆ రోజు శనివారం. ఉదయం నుంచీ షెడ్డులో మొద్దులు చీల్చే యంత్రం తయారవుతోంది. ఇనుప దూలం కూల్చేసిన గోదాముది. సిలిండర్ మూలపడ్డ ట్రాక్టర్‌ది. ఇంజన్ పాత మంచు తోసే యంత్రానిది. ఇంజన్ నడుస్తుండగా లివర్ నెడితే ఆయిల్ గొట్టాల్లోంచి సిలిండర్‌లోకి వెళ్తుంది. సిలిండర్ కడ్డీ మొద్దును ఉక్కు పలక అంచు మీదికి నెడుతుంది. మొద్దు చీలుతుంది.

వేసవిలో నాన్న భుజానికి ఆపరేషన్ అయింది. గొడ్డలి ఎత్తకూడదని డాక్టర్ చెప్పారు. షెడ్డు వెనక రెండేళ్ళుగా ఆరిన ఓక్ మొద్దులు మూడు లారీలకు సరిపడా ఉన్నాయి. ఉత్తర జపాన్‌లోని ఈ హొక్కైడోలో నవంబర్ మొదట్లో మంచు పడితే ఏప్రిల్ దాకా పోదు. ఈలోగా మొద్దులు చీల్చకపోతే పొయ్యిలో పెట్టడానికి ఏమీ ఉండదు. అక్టోబర్‌లో ఇంక తొమ్మిది రోజులే మిగిలాయి.

తాతయ్య పేరు తొకుజి. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు నడిపాడు. షెడ్డులోనూ రైలువాళ్ళ పద్ధతే పెట్టాడు. చూసే వస్తువును వేలితో చూపించాలి. దాని పేరు చెప్పాలి. బాగుంటే "సరి!" అని గట్టిగా అనాలి. లేకపోతే "కాదు!" అనాలి.

నట్లకు ఇంకో పద్ధతి ఉంది. పానాతో లాగి చూడాలి. కదలకపోతే నట్టు మీంచి గొట్టం మీదికి ఒక తెల్ల గీత గీయాలి. తర్వాత ఎప్పుడైనా నట్టు వదులైతే గీత పక్కకు జరిగి కనిపిస్తుంది. ఈ పని చిగుసాది.

ఆమె మొదటి నట్టు లాగి చూసింది. గీత గీసి వేలు చాపింది. "ఒకటో నట్టు, సరి!"

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

గుమ్మంలో ఇబుకి సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె క్లాసే.

"నట్టు చూస్తున్నా."

"మరి అది ఏమంది? బాగున్నానందా?" ఇబుకి పగలబడి నవ్వాడు. "సోమవారం క్లాసులో చెప్తా. చిగుసా నట్లతో కబుర్లాడుతుందని!"

చిగుసా చెవులు వేడెక్కాయి. పానా బల్ల మీద పెట్టేసింది. మిగతా ఆరింటికీ గబగబా గీతలు గీసింది. వేలు చాపలేదు, నోరు తెరవలేదు.

నాన్న తిరిగి వచ్చి గీతలు లెక్కపెట్టాడు. ఏడు ఉన్నాయి.

"అన్నీ చూశావా?"

ఇబుకి చూస్తున్నాడు.

"చూశా."

"ఇబుకీ, నువ్వు తలుపు దగ్గరే ఉండు. లివర్ నెట్టాక గొట్టాల దగ్గరికి ఎవరూ రాకూడదు. సన్న చిల్లులోంచి వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. చెయ్యి తీసెయ్యాల్సి వచ్చినవాళ్ళు ఉన్నారు."

చిగుసా చోటు ఇంజన్ దగ్గర, ఆపే ఎర్ర బటన్ పక్కన. తాతయ్య కూడా వచ్చి అవతల వైపు నిలబడ్డాడు. నాన్న లివర్ దగ్గర. ఏడో నట్టు లివర్‌కు జానెడు దూరంలో, నాన్నకు కనపడని వైపు ఉంది.

ఇంజన్ మొదలైంది.

చిగుసా ఏడో నట్టు వైపు చూసింది. నాన్న దాన్ని చేత్తో తిప్పడం గుర్తుంది. పానాతో బిగించడం గుర్తు రాలేదు.

"నట్లూ?" తాతయ్య అరిచాడు.

ఇప్పుడు చెప్పాలి. చెబితే ఇంతసేపూ అబద్ధమాడినట్టు తెలిసిపోతుంది. ఇబుకి ఇంకా అక్కడే ఉన్నాడు.

"సరి," అంది. ఇంజన్ శబ్దంలో ఆమె మాట ఆమెకే వినపడలేదు. పెదవుల కదలిక చూసి తాతయ్య తలూపాడు.

నాన్న లివర్ నెట్టాడు. కడ్డీ కదిలి మొద్దును తాకింది. ఇంజన్ శబ్దం బరువెక్కింది. ఏడో నట్టు దగ్గర ఆయిల్ తుంపర పొగలా లేచింది. అది నాన్న మణికట్టు వైపు పోతోంది.

చిగుసా అరచేత్తో ఎర్ర బటన్ కొట్టింది.

"నాన్నా, చెయ్యి!"

ఇంజన్ ఆగింది. నాన్న చొక్కా చేతి నుంచి ఆయిల్ కారుతోంది. తాతయ్య వచ్చి ఆ చెయ్యి పట్టుకుని బల్బు కిందికి లాక్కెళ్ళాడు. చొక్కా పైకి మడిచి, చర్మం తుడిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండోసారి కూడా చూశాడు.

"గుచ్చుకోలేదు," అన్నాడు చివరికి.

నాన్న మొద్దు మీద కూర్చున్నాడు. "ఏడోది నేను బిగించలేదు. ఫోన్ వచ్చి వెళ్ళిపోయా. వచ్చి చూస్తే గీత ఉంది..."

"నేనే గీశా," అంది చిగుసా. "లాగి చూడలేదు. ఒకటి తప్ప ఏదీ చూడలేదు. చూశానని అబద్ధం చెప్పా."

ఇబుకి తల దించుకున్నాడు. "నేను నవ్వాననా?"

"నువ్వు నవ్వావు. గీసింది నేను."

తాతయ్య సీసాలోంచి రంగు చెరిపే థిన్నర్ కొంచెం గుడ్డ మీద పోసి ఆమెకిచ్చాడు. చిగుసా ఏడు గీతలూ తుడిచేసింది. ఒకటోది కూడా.

నాన్న ఏడో నట్టు బిగించాడు. చిగుసా పానా తీసుకుంది.

"ఒకటో నట్టు, సరి!" గొంతు షెడ్డు దాటి వినపడింది. "రెండో నట్టు, సరి! మూడో నట్టు, సరి!"

నాలుగోదాని దగ్గర పానా కొంచెం కదిలింది.

"నాలుగో నట్టు, కాదు!"

నాన్న దాన్నీ బిగించాడు. ఇబుకి నవ్వలేదు.

ఏడు గీతలు పూర్తయ్యేసరికి మూడున్నర. ఎండ తగ్గుతోంది. ఇంజన్ మళ్ళీ మొదలైంది. నాన్న లివర్ పట్టుకున్నాడు.

"నట్లూ?"

"సరి!" చిగుసా వేలు దించలేదు. గొట్టాల మీంచి, మొద్దు మీంచి, దూలం చివరిదాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆపింది.

"తాతయ్య కాలు, కాదు!"

తాతయ్య కిందికి చూసుకున్నాడు. బూటు దూలానికి ఆనుకుని ఉంది.

"నాకు చెప్తున్నావటే? ముప్ఫై ఎనిమిదేళ్ళు..."

"తాతయ్య కాలు, కాదు!"

నాన్న లివర్ మీంచి చెయ్యి తీసేశాడు. తాతయ్య గొణుక్కుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వేలు ఇంకా దిగలేదు. ఇంకో అడుగు వేశాడు.

"తాతయ్య కాలు, సరి!"

నాన్న లివర్ నెట్టాడు. మొద్దు చీలింది. ఒక చెక్క దొర్లి, ఇందాక తాతయ్య నిలబడ్డ చోట పడింది.