పదిహేడో మేకు

శాంతి పాత మిషను చుట్టూ పరిగెడుతోంది.

వెనకే బాపిరాజు. చేతిలో ఇనుప రాడ్!

చీకటి గొయ్యి. తల పైన మందపాటి గాజు నేల. దాని మీద స్టోరు... జనంతో కిటకిటలాడుతోంది. అంబాజీపేటలో మూతపడ్డ తన కొబ్బరినూనె మిల్లునే బాపిరాజు షాపుగా మార్చాడు. నూనె సీసాలు, పీచు బొమ్మలు, సెల్ఫీలకి పాత మిషన్లు. గోతిలో లైట్లు షో టైముకే వేస్తారు.

శాంతి గుప్పిట్లో ఇత్తడి టోకెన్. నంబరు పదిహేడు.

ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

మిల్లులో పద్ధతి ఒకటే. పనిలోకి వచ్చేటప్పుడు బోర్డు మీది టోకెన్ తీసుకోవాలి. డ్యూటీ దిగేటప్పుడు మళ్లీ మేకుకి తగిలించాలి. తగిలించనిదే వాచ్‌మన్ గేటు తియ్యడు.

ఆ బోర్డు ఇప్పుడు కౌంటర్ వెనక అలంకారం. పదిహేడో మేకు ఖాళీ.

"అది దానంగాడిదండి. నూనె డబ్బాలు కాజేసి గల్ఫ్ పారిపోయేడు" అని బాపిరాజు రోజూ చెబుతాడు. జనం నవ్వుతారు. పక్కనే సేల్స్‌గాళ్ శాంతి పళ్లు బిగించి వింటుంది. ఆమె దానం కూతురని అతనికి తెలీదు.

టోకెన్ తగిలించని మనిషి గేటెలా దాటాడు?

దాటకపోతే లోపలే ఉండాలి. అందుకే ఇవాళ తెగించి గోతిలోకి దిగింది. నాన్న పనిచేసిన మిషను కింద తవ్వింది. టోకెన్ దొరికింది... పక్కనే ఎముకలు! తెరిచి ఉన్న గోతి తలుపు చూసి బాపిరాజు దిగొచ్చాడు.

"అదిలా ఇచ్చెయ్యి."

"మా నాన్నదండి. ఎందుకిస్తాను?"

అతను ఆగిపోతాడు.

"దానం కూతురివా?"

"ఆయ్."

"మిషను బెల్టులో పడి చచ్చిపోయేడే. కేసైతే మిల్లు మూసేసేవారు."

"చంపింది బెల్టు. దొంగని చేసింది మీరు. పన్నెండేళ్లు! మనిషేనాండి మీరు?"

"నువ్వూ గల్ఫ్ పోయేవని రేపు చెబుతాను."

ఆమె వీపుకి గోడ తగులుతుంది. రాడ్ పైకి లేస్తుంది...

కూఁ...!

మిల్లు సైరన్!

సరిగ్గా ఏడు. షో టైమ్! రోజూ ఏడింటికి పాత షిఫ్టు సైరన్, గోతినిండా లైట్లు. పెట్టించింది బాపిరాజే. కోపంలో మరిచిపోయాడు.

తెల్లటి వెలుగు. పైన గాజు చుట్టూ మూగిన జనం. వందల కళ్లు... ఫోన్లు...

ఎత్తిన రాడ్, కింద ఎముకలు. అంతా చూస్తున్నారు.

రాడ్ జారి పడుతుంది.

శాంతి అతన్ని తోసుకుని మెట్లెక్కుతుంది. జనం దారిస్తారు. కౌంటర్ వెనక్కి వెళ్లి టోకెన్‌ని పదిహేడో మేకుకి తగిలిస్తుంది.

"మా నాన్న ఇప్పుడు డ్యూటీ దిగేరండి" అంటుంది. "పోలీసుల్ని పిలవండి."