వీధిలో మొదలయ్యే వాగు

చేపపిల్లలు పెంచే ఆవిడ బకెట్టు తెచ్చి డిటెక్టివ్ ముందు పెట్టింది. నిండా చచ్చిన చేపపిల్లలే. వాగులో కట్టిన తన వలలన్నీ ఇలాగే ఉన్నాయని, ఎగువనున్న అద్దకం కార్ఖానాయే ఈ పని చేసిందని, ఆ కార్ఖానా తన సొంత అన్నయ్యదేనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మర్నాడు పొద్దున్నే కాలుష్యం చూసే అధికారి వచ్చి కార్ఖానాకు సీలు వేయబోతున్నాడు.

డిటెక్టివ్ ఆమె నీలి ఏప్రన్‌నే చూస్తున్నాడు. దాని మీద అక్కడక్కడా తెల్లగా వెలిసిన మచ్చలు.

"ఈ రంగు ఎవరు వేశారమ్మా?"

"అన్నయ్యే. మాటలున్న రోజుల్లో."

ఎండైనా వానైనా గొడుగు వదలడని, డిటెక్టివ్ అసిస్టెంటును అందరూ 'గొడుగు' అనే పిలిచేవారు. అతనికి ఈ ప్రశ్న తలా తోకా లేనట్టు తోచింది.

ఇద్దరూ వాగు దగ్గరికి వెళ్లి చూస్తే, కార్ఖానా గొట్టం దాటాక కూడా చేపలు హాయిగా ఈదుతున్నాయి. ఊరి వాననీరు వచ్చిపడే తూము దిగువనే ఒక్కటీ బతికి లేదు. చేపలు చచ్చేది కార్ఖానాకు సెలవు రోజునే అని అక్కడి కాపలాదారు చెప్పాడు. ఆ రోజు మీరేం చేస్తారని ఆవిడను అడిగితే, వీధిలోని తన చేపపిల్లల కొట్టూ తొట్లూ కడుక్కుంటానంది.

మర్నాడు డిటెక్టివ్ అన్ననూ చెల్లెలినీ అధికారినీ తూము దగ్గర నిలబెట్టాడు. గొడుగు ఆవిడ కొట్టు ముందున్న వీధి కాలువ జాలీలో రంపపు పొట్టు పోసి, బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించి, ఒక్క పరుగున కిందికి వచ్చాడు. కాసేపటికి తూములోంచి పొట్టు తేలుతూ వచ్చి వాగులో కలిసింది.

"మీ అన్న వేసిన రంగు నీళ్లకు పోయేది కాదమ్మా. బ్లీచింగ్ పొడి పడితేనే ఇలా వెలుస్తుంది. ఆ పొడితో తొట్లు కడిగిన నీళ్లు మీ కొట్టు ముందు జాలీలోనే పోశారు, అవునా?"

"వాగులో పోయకూడదనే కదండీ అక్కడ పోశాను. శుద్ధి చేసే చోటికి పోతాయనుకున్నా."

"అక్కడికి పోయేది మరుగుదొడ్ల గొట్టం. వీధి జాలీ తిన్నగా ఇక్కడికే."

గొడుగు తలెత్తి ఊరి వైపు చూశాడు. అంత దూరాన, మలుపుల వెనక ఉన్న గుమ్మాలన్నీ ఈ వాగు ఒడ్డునే ఉన్నాయన్నమాట. ఇన్నేళ్లూ ఈ ఊళ్లోనే తిరిగాడు, అయినా ఇంత పెద్ద వాగును ఇప్పుడే చూస్తున్నట్టుంది.

అధికారి సీలు జేబులో పెట్టుకున్నాడు. అన్న చెల్లెలి దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"ఆ ఏప్రన్ ఇటివ్వు. మళ్లీ రంగు వేయిస్తాను."

ఆమె విప్పబోయి ఆగింది.

"ఆ రంగునీళ్లు ఎక్కడికి పోతాయన్నయ్యా?"

"శుభ్రం చేసే తొట్టిలోకి. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో."

"వస్తాను," అంది ఆమె.