మడతకు లొంగిన షీటు

అంజన్ పరుగెత్తుతున్నాడు.

చొక్కా లోపల షీటు ముక్క. పరీక్ష అట్టంత ఉంటుంది. అడుగు పడినప్పుడల్లా దాని అంచు పక్కటెముకల మీద గీస్తోంది.

గీయనీ.

వెనక జితేందర్!

ఆదివారం. చీకటి పడింది. ఏడున్నర. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలవాళ్లు సర్దుకుంటున్నారు. మనుషుల మధ్య సందు దొరకడం లేదు. అంజన్ ఒక గుట్ట మీదుగా దూకుతాడు. కాలు తగిలి పాత ఇంజనీరింగ్ పుస్తకాలు జారి రోడ్డు మీద పడతాయి.

"సదువుకోనీకి పెట్టిన గవి. తొక్కనీకి గాదు అన్నా," అంటాడు పుస్తకాలాయన.

సారీ చెప్పే టైమ్ లేదు.

జితేందర్ బిల్డింగుల బయటి గోడలకు షీట్లు బిగించే కాంట్రాక్టరు. పదకొండేళ్లుగా అంజన్ అతని దగ్గర ఫిట్టర్. 'సేఠ్' అని పిలిచేవాడు. ఇప్పుడు ఆ మనిషి మొహం గుర్తొస్తే పళ్లు బిగుసుకుంటున్నాయి.

గన్‌ఫౌండ్రీలో నాలుగంతస్తుల బిల్డింగు. గోడంతా మెరిసే షీట్లు. పైనా కిందా పల్చటి అల్యూమినియం, మధ్యలో ప్లాస్టిక్ పొర. వాటిని కొలిచి, కోసి, మడిచి బిగించింది అంజనే. ప్రతి షీటు వెనకా మార్కరుతో అంతస్తు, వరస, నంబరు రాసిందీ అతనే.

ఇరవై రోజుల కింద ఆ గోడ అంటుకుంది.

కింద కరెంటు డబ్బాలో రేగిన మంట ఆరు నిమిషాల్లో పైదాకా పాకింది. షీట్ల మధ్య పొర కరిగి, చుక్కలు చుక్కలుగా మండుతూ కిటికీల్లో పడింది.

మూడో అంతస్తులో కంప్యూటర్ క్లాసు. ముగ్గురు పోయారు.

అందులో ఒకరు స్నేహ. అంజన్ కూతురు. పందొమ్మిదేళ్లు.

క్లాసులో చేరిన రోజు రోడ్డు అవతల నిలబెట్టి ఆ గోడ చూపించాడు. అదంతా నాన్న పనే అని చెప్పాడు. ఆమె ఫోనులో ఫొటో తీసుకుంది.

అంజన్ ఇంకా గట్టిగా పరుగెత్తుతాడు.

ఆ షీటును కనిపెట్టింది శ్యామ్‌సుందర్. మధ్య పొరలో రాతిపొడి కలిపి, నిప్పంటుకోని షీటు చేశానని పేటెంట్ తీసుకున్నాడు. మంటలు ఆరిన మర్నాడే టీవీలో కూర్చున్నాడు. తన షీటు కాలదన్నాడు. కాలిందంటే కాంట్రాక్టరు నకిలీది బిగించి ఉంటాడన్నాడు. అసలు షీటులో తను వాడే జిగురు నీలం లైటు కింద ఆకుపచ్చగా మెరుస్తుందని, నకిలీది మెరవదని, లైటు వేసి మరీ చూపించాడు.

ఊరంతా నమ్మింది. అంజన్ కూడా.

కాలిన షీట్లలో జిగురు మిగల్లేదు. కాలనివాటిని ఊడదీసి తుక్కు లారీలో పంపేశారు. మిగిలింది ఒక్కటే. వెనక గోడ నుంచి అంజన్ కోసి దాచుకున్న ఈ ముక్క.

ఈ సాయంత్రం అది జితేందర్ కంట పడింది. ఇవ్వమన్నాడు. చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. అంజన్ వినలేదు. నకిలీది తగిలించి బిడ్డను చంపినవాడి మాట వినడమా? విదిలించుకుని ఉరికాడు.

స్టేషన్ రోడ్డు.

ఆటో! బ్రేకు కీచుమంటుంది. చక్రం అంజన్ కాలికి జానెడు దూరంలో ఆగుతుంది.

డ్రైవరు తల బయటపెడతాడు. "స్టేషన్‌కా, దవాఖానకా? ముందే చెప్పు, గాడికే దింపుత."

అంజన్ ఆటో ముందు అద్దం మీద చెయ్యి ఆనించి దాటేస్తాడు. వెనక్కి చూస్తాడు. జితేందర్ ఇరవై అడుగుల్లో ఉన్నాడు. రొప్పుతున్నాడు. ఆగడం లేదు.

నాంపల్లి. బస్సు దిగుతున్న జనం. అంజన్ వాళ్లలో దూరి, వంగి, పక్క సందులోకి తిరుగుతాడు. పాత ఇల్లు. ఇరుకు మెట్లు. రెండో అంతస్తు.

శ్యామ్‌సుందర్ ఆఫీసు!

ముందే ఫోన్ చేశాడు కాబట్టి తలుపు తెరిచే ఉంది. శ్యామ్‌సుందర్ ఒక్కడే ఉన్నాడు. నలగని తెల్ల చొక్కా. అంజన్ లోపలికి రాగానే తనే గడియ వేసి, గ్లాసుతో నీళ్లిస్తాడు.

"తెచ్చినవా?"

"తెచ్చిన సార్."

ముక్క టేబుల్ మీదికి వస్తుంది. అంచున అంజన్ రక్తం. శ్యామ్‌సుందర్ దాన్ని తిప్పి వెనక రాసిన నంబరు చదువుతాడు. రేపు ల్యాబుకు పంపుతానంటాడు. ఇంటికి వెళ్లి పడుకోమంటాడు. దీని సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని అడుగుతాడు.

కాసేపాగి మళ్లీ అదే అడుగుతాడు.

టీవీలో చూపించిన నీలం లైటు టేబుల్ మీదే ఉంది.

"ఒక్కపారి గా లైటెయ్యుండ్రి సార్. కండ్లార చూసి పోత."

"రేపు చూద్దాం అంజన్. అలసిపోయినవ్."

"పోయింది నా బిడ్డ సార్."

శ్యామ్‌సుందర్ కదలడు. అంజన్ చెయ్యి చాపి స్విచ్ నొక్కుతాడు.

నీలం వెలుగు. ముక్క అంచున సన్నటి గీత...

ఆకుపచ్చగా మెరుస్తోంది!

అటు తిప్పుతాడు. మెరుస్తోంది. ఇటు తిప్పుతాడు. మెరుస్తోంది.

నకిలీది కాదు. అసలు షీటే కాలింది!

"గిదేంది సార్?"

శ్యామ్‌సుందర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. గొంతులో తొట్రుపాటు లేదు.

"మొదట చేసిన షీట్లు నిజంగనే కాలవు. గానీ మడిస్తే పగిలేవి. మీ ఫిట్టర్లే గద వాపసు పంపింది. అందుకే పొడి సగానికి తగ్గించి ప్లాస్టిక్ పెంచిన. సర్టిఫికెట్ పాతదే నడిపించిన. కొత్త లాటు మస్తు మడత పడుతుందని నువ్వే కబురు పంపినవ్. యాదికుందా?"

యాదికుంది.

మైనంలా వంగిందా షీటు. వేళ్లు తెగలేదు. మూలలు పగల్లేదు. గన్‌ఫౌండ్రీ పని రెండు రోజుల ముందే అయిపోయింది. ఆ రోజు అంజన్ ఇంటికి జిలేబీ తీసుకెళ్లాడు.

ఆ సులువే మండింది. ఆ సులువే కిటికీలో పడింది.

కోపం. తన చేతుల మీదా, ఆ తెల్ల చొక్కా మీదా... ఏది ఎక్కువో తెలియడం లేదు.

"పగులుతుందన్నం సార్. కాలేది ఇయ్యమనలే."

సొరుగు తెరుచుకుంటుంది.

పిస్తోలు!

"దాన్ని అక్కడ వదిలి జరుగు," అంటాడు శ్యామ్‌సుందర్.

అంజన్ వేళ్లు ముక్కను వదలవు. పక్కనే కిటికీ. కింద సందులో జితేందర్. చొక్కా చెమటతో అంటుకుపోయింది. తలెత్తి ఒక్కో ఇంటినీ వెతుకుతున్నాడు.

అంజన్‌కు ఇప్పుడు అర్థమవుతుంది. ఊరంతా హంతకుడంటున్న మనిషి. అసలు షీటే బిగించానని చెప్పడానికి అతనికి మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. సాయంత్రం చెయ్యి పట్టుకుని చెప్పబోయింది అదే.

"వదులు, అంజన్."

అంజన్ తలూపుతాడు. టేబుల్ మీదికి వంగుతాడు...

మరుక్షణం చెయ్యి కిటికీ చువ్వల మధ్య నుంచి బయటికి!

"సేఠ్! పట్టుకో!"

ముక్క గిరగిరా తిరుగుతూ దిగుతుంది. కింద జితేందర్ ఉలిక్కిపడి రెండు చేతులూ చాపుతాడు. గుండెలకు అదుముకుంటాడు. పైన కిటికీలోకి ఒక్కసారి చూసి, వెనుదిరిగి, రోడ్డు మీది జనంలో కలిసిపోతాడు.

అంజన్ నెమ్మదిగా ఇటు తిరుగుతాడు. ఖాళీ చేతులు చూపిస్తాడు.

"ఇగ మీ ఇష్టం సార్."

ఢాం!