మూడో నంబరు మిషన్

కమలాంబ టైపు కొట్టిన కాగితంలో ఇంగ్లీషు 'ఓ' ఉన్న ప్రతిచోటా చిల్లు పడింది.

కాగితం తీసి కిటికీకేసి పట్టుకుంది. చిల్లుల్లోంచి ప్రొద్దుటూరు ఎండ ఆమె ముఖం మీద చుక్కలు పెట్టింది. తెల్లారితే కడపలో టైపు పరీక్ష. పాసైతే పులివెందుల తాలూకా ఆఫీసులో ఉద్యోగం. పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే బస్సులో తీసుకుపోవాలి. తను నేర్చుకున్న మూడో నంబరు మిషన్‌ను చుట్టడానికి దుప్పటి కూడా సిద్ధంగా ఉంది.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రోజున కోదండపాణి మాస్టారు కొత్త మిషన్లు చూపించినా ఆమె ఈ పాతదాన్నే ఎంచుకుంది. లైను చివర దాని గంట మెత్తగా మోగేది. 'ఓ' మీట మాత్రం బిరుసు. గుద్దితేగానీ పడేది కాదు. ఏడాదిగా ఉంగరపు వేలికి ఆ గుద్దుడు అలవాటైంది. ఇవాళ మీట మెత్తబడింది, వేలు మెత్తబడలేదు.

"నాలుగో నంబరు తీసుకుపో అమ్మాయీ" అన్నారు మాస్టారు.

"వద్దు సార్. అది పరాయిది."

మెకానిక్ జియావుల్లా నూనె డబ్బాతో లోపలికొచ్చాడు.

"మామా, నా మిషన్ ముట్టుకున్యావా?"

"యాడ తల్లీ! ముట్టుకుంటే నా చెయ్యి ఇరుస్తావని తెల్దా?" వంగి మీట నొక్కి చూశాడు. "స్ప్రింగు వదులు చేసినోడు ఎవడోగానీ శానా నున్నగా చేసినాడు."

తర్వాతి బ్యాచ్ వేదవ్యాస ఇందాకటి నుంచీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రోజూ జమ్మలమడుగు బస్సు దిగొచ్చి ఇదే మిషన్ మీద నేర్చుకుంటాడు. "మీ బిడ్డను కొంచేపు ఆడించుకోనా?" అని కమలాంబను ఏడిపించడం అతని అలవాటు.

"ఏంది, ఈ పొద్దు ఎగతాళి లేదు?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చేతులు చూపించండి."

గోళ్లలో నల్లటి గ్రీజు.

"నేను ఫెయిలు కావాలనా?" ఆమె చిల్లుల కాగితం అతని ముందుకు చాచింది.

"కాదు. మీరు లేచినాక మీటల మీద మీ వేళ్ల వెచ్చదనం ఉంటాది. దానికోసమే బస్సు తప్పకుండా వస్తాండా. మొన్న వేలికి గుడ్డ చుట్టుకొనొచ్చినారు. చూళ్లేక, నిన్న మాస్టారు భోజనానికి పోయినప్పుడు స్ప్రింగు వదులు చేసినా. మళ్లీ బిగించడం నిమిషం పని, బిగిస్తా. బిగిస్తే మీరు పాసై పులివెందుల పోతారు. వదులు చేసింది మీ వేలి కోసం. చిల్లులు చూసి కూడా ఇంతసేపు నోరు తెరవంది మాత్రం నా కోసం."