ఎంగిలి తాళం

2081 మార్చి. చిత్రావతి ఏటి అవతల, ఎండతో కరెంటు తీసే పలకల మైదానంలో ఉదయం తొమ్మిదింటికి డ్రోన్ వచ్చి ముద్దలు దించి పోయేది. రేకుల గుడిసెల ముందు చంటిపిల్లలు డబ్బాలు పట్టుకుని కూర్చునేవారు. డబ్బాకి ఆరు ముద్దలు, ఒక్కొక్కటి రేగుపండంత, నువ్వులూ బెల్లమూ కలిపిన రంగు. పెద్దవాళ్ళు వాటి వంక చూసేవారు కాదు. ఒకాయన ఆశపడి కొరికితే నాలుక మీది చేదు మూడు రోజులకు గానీ పోలేదట.

కాగితాల మీద దాని పేరు శిశు నిర్దేశిత పోషక ముద్ద. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి మాత్రం ఎంగిలి తాళం అనేది. కిటుకు చిన్నదే. ముద్దలోని మాంసకృత్తుల్నీ, కొవ్వునీ, ఇనుమునీ ఒక చేదు అణువు మూటగట్టి పట్టుకుని ఉంటుంది. దానికి ఆమె తాళపు అణువు అని పేరు పెట్టింది. కడుపులోని ఏ ఆమ్లమూ దాన్ని విప్పలేదు. ఒక్క ఎంజైమ్ మాత్రమే విప్పుతుంది. పుట్టిన వారంలోపు బిడ్డ చిగుళ్ళ మీద ఒక చుక్క వేస్తే, హాని చెయ్యని బాక్టీరియా ఒకటి అక్కడ కాపురం పెట్టి, మూడేళ్ళ పాటు ఆ ఎంజైమ్‌ని తయారుచేస్తుంది. వారం దాటితే అది నిలవదు. కాబట్టి చుక్క పడ్డ బిడ్డ నమిలితే అది తిండి, ఇంకెవరు నమిలినా మట్టి. ముద్ద విచ్చుకోగానే అందులో కలిపిన బుల్లి యంత్రపు రేణువు బిడ్డ మొలతాడుకున్న పూసకి కబురు పంపుతుంది. పూస ఆ సంగతీ, బిడ్డ బరువూ ధాత్రికి చెబుతుంది. ధాత్రి అంటే నగరంలోని పరిశోధన కేంద్రంలో కూర్చుని లక్షన్నర మంది పిల్లల్ని ఒక్కతే చూసుకునే యంత్రం.

తిండికి తాళమెందుకు అంటారా? పాత రోజుల్లో పిల్లలకని ఇచ్చిన పొట్లాలు ఇంటికెళ్ళి కుండలో పడేవి. ఇంటిల్లిపాదీ తలా కాస్త తినేవారు. సర్వే వాళ్ళు ఆ సంగతి రాసుకొచ్చారు. "దొంగ ఇంట్లోనే ఉన్నాడు" అని కేంద్రం మీటింగులో డైరెక్టర్ శరభయ్య బల్ల గుద్ది చెప్పాడు. ఆ ఇంట్లో మిగతావాళ్ళు ఏం తిని బతుకుతున్నారని ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడిగితే దానికీ జవాబు వెతకాల్సి వస్తుంది కదా.

అప్పుడు హైమవతి లేచి అంది: "సార్, మన దేశంలో ఎంగిలిని మించిన తాళం లేదు. ఒకరి నోట్లోది ఇంకొకరు తినరు. తాళంచెవిని బిడ్డ నోట్లోనే దాచేద్దాం."

చప్పట్లు మోగాయి. ఏడాది తిరిగేసరికి ఆమె మెడలో పతకం పడింది.

ఇప్పుడు మూడేళ్ళ తర్వాత, ఆమె ధాత్రి తెర ముందు నిలబడి ఒకే పేరు పదేపదే చూస్తోంది.

"ధాత్రీ, పావని ముద్దలు తింటోందా?"

"రోజుకి ఆరు. ఆరూ విచ్చుకున్నాయి. తొంభై రోజుల్లో ఒక్కటి కూడా తప్పలేదు."

"బరువు?"

"రెండేళ్ళ పిల్ల. ఆరు కిలోల రెండు వందల గ్రాములు. ఇలాగే తగ్గితే మూడు వారాలకు మించి బతకదు. ఆ గుడిసెల్లో నలభై ఒక్కమంది పిల్లలు. అందరూ పూర్తిగా తింటున్నారు, అందరి బరువూ తగ్గుతోంది. కారణం నాకు దొరకలేదు."

శరభయ్యకి కారణం వెంటనే దొరికింది. "పేగుల్లో ఏదో జబ్బు. వెళ్ళి ఆ పిల్లని చూసి రా హైమా. మన ముద్దకి మాట రాకూడదు."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కనుచూపు మేర పలకలు. వాటి మీద ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ దుమ్ము తుడుస్తున్నారు. పలకలు పల్చన. నలభై రెండు కిలోలు దాటిన మనిషి ఎక్కితే బీటలిస్తాయి. అందుకని గేటు దగ్గర కాటా పెట్టి, రోజూ తూచి లోపలికి పంపుతారు. బరువు పెరిగితే పని పోతుంది. తుడిచే యంత్రాలు లేక కాదు. యంత్రం చెడిపోతే బాగు చేయించాలి, ఆడమనిషికి ఆ ఖర్చు లేదు. ఆ మనుషుల కడుపున పుట్టే పిల్లలు ఎంత ఉంటారో ఊహించడానికి ధాత్రి అక్కర్లేదు.

పావని తల్లి నాగవేణి పలకల మీదే ఉంది. తండ్రి కేబుళ్ళ పనికని పోయి ఏడాది దాటింది, మళ్ళీ రాలేదు. గుడిసె తలుపు ఓరగా ఉంటే హైమవతి లోపలికి తొంగి చూసింది.

ఐదేళ్ళ అక్క కుసుమ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో పావని. తల పెద్దగా, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. అక్క నోట్లో పెట్టిన ముద్దని పావని బుద్ధిగా నములుతోంది. అక్క అరచెయ్యి చెల్లెలి గడ్డం కింద దోసిలి పట్టి ఉంది.

"మింగొద్దు. మింగొద్దు బంగారూ. ఉమ్ము."

పావని ఉమ్మింది. కుసుమ అది తన నోట్లో వేసుకుంది. తర్వాతి ముద్ద వచ్చింది. "ఇది అమ్మకి. బాగా నములు." అది ఒక గిన్నెలోకి పోయింది, గిన్నె మీద మూత పడింది.

హైమవతి తలుపు తోసింది. డాక్టర్ వచ్చిందని కబురందుకుని నాగవేణి పలకల మీంచి పరుగున వచ్చింది. ఆమెని చూడగానే డాక్టర్ కోపమంతా బయటపడింది. "ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు? ఆ పిల్ల చచ్చిపోతుంది!"

"తెలుసు మేడమ్," అంది నాగవేణి గుమ్మంలో చతికిలబడుతూ. "దినామూ ఎత్తుకుంటాండా కదా. దాని బరువు నాకు తెల్దా?"

"మరి?"

"పెద్దది మీ చుక్క రాకముందే పుట్టె. దానికి డబ్బా ల్యా. అదీ బిడ్డే కదా మేడమ్? నా కూలి నూకలకీ నీళ్ళకీ సరి. ఆరు ముద్దల్లో మూడు పెద్దదానికి, రెండు నాకు. నేను తినకుంటే పలకల మింద కండ్లు తిరిగి పడతా. నేను పడితే ముగ్గురమూ పోతాం. ఒగటి మాత్రం సాయంత్రం చిన్నదాన్ని మింగనిస్తా."

"కానీ ఎంగిలి..." హైమవతికి మాట తడబడింది. "ఇంకొకరి నోట్లోంచి తీసింది ఎలా తింటారు?"

నాగవేణి ఆమె వంక వింతగా చూసింది. "బిడ్డ నోటిది ఎంగిలెట్లయితాది మేడమ్? మీయమ్మ మీ తట్టలో మిగిలింది తినల్యా?"

తిన్నది. వంటింట్లో నిలబడి, హైమవతి సగం తిని వదిలేసిన పెరుగన్నం, కంచంలోంచే, రోజూ తిన్నది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తెలిసిన సంగతి ఆ రోజు మీటింగులో గుర్తు రాలేదు. సిగ్గుతో ఆమె తల వంచుకుంది.

"పావనిని నాతో కేంద్రానికి పంపండి. దగ్గరుండి తినిపిస్తాను. మూడు వారాల్లో నిలబెడతాను."

"తీసకపోండి," అంది నాగవేణి వెంటనే. తర్వాత పిల్ల మొలతాడు సర్దుతూ చాలాసేపు వదల్లేదు. "ఈడుంటే దానితో నమిలిస్తా. నా మింద నాకే నమ్మకం ల్యా."

కారు కదలబోతుంటే కుసుమ అద్దం దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు, ఏదో సందేహం అడుగుతున్నట్టు అడిగింది. "మల్ల నాకెవురు నముల్తారు?"

హైమవతి అద్దం పైకెత్తింది. డ్రైవర్‌ని పోనివ్వమంది.

మధ్యాహ్నం రెండింటికి కేంద్రం చేరగానే శరభయ్య గదికి వెళ్ళి అంతా చెప్పింది. "తాళం తీసేద్దాం సార్. కుసుమకీ పెడదాం, తల్లికీ పెడదాం. మామూలు అన్నం, పప్పు, గుడ్డు. గేటు దగ్గర ఆ కాటా తీయించమని రాద్దాం."

"అన్నం పెట్టడానికి పరిశోధన కేంద్రమెందుకు?" అన్నాడు శరభయ్య. "అన్నానికి పేటెంట్ ఎవడిస్తాడు? నువ్వు తాళాన్ని కొంచెం కిందికి జరుపు. గొంతు దాటి కడుపులో పడ్డాకే విచ్చుకునేలా చెయ్యి. అప్పుడెలా ఉమ్మిస్తారో చూద్దాం." ఆయనకి నిజంగానే హుషారొచ్చింది. "రెండో రకం ముద్ద. బాగుంటుంది."

అది కడుపులో పడ్డాక ఇంట్లోవాళ్ళు ఇంకేం చేస్తారో హైమవతి ఊహించబోయి, భయపడి మానేసింది.

పావనిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు పాలు పట్టింది. పిల్ల పాలని నోట్లో నింపుకుని, కాసేపు ఉంచి, జాగ్రత్తగా గిన్నెలోకి వదిలింది. అన్నం మెత్తగా కలిపి పెడితే నమిలి ఉమ్మింది. సాయంత్రమయ్యే దాకా ఏదీ మింగకూడదని దానికి బాగా నేర్పారు. అక్క లేదు కాబట్టి తనే తన గడ్డం కింద బుల్లి అరచెయ్యి పట్టుకుంటోంది.

ఇక కేంద్రంలోని కొత్త డబ్బా తెరిచి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి పెట్టమని ధాత్రికి చెప్పి, ముద్ద పెట్టింది. పావని నమిలింది.

"ముద్ద విచ్చుకుంది," అంది ధాత్రి. "పావని ఒకటి తిన్నది."

పిల్ల చేతిలో నమిలిన ముద్ద తడిగా మెరుస్తోంది. పావని దాన్ని హైమవతి పెదవులకి ఆనించింది. "తిను."

"నేను కాదమ్మా, నువ్వు. ఇదుగో చూడు, ఇలా మింగాలి." చూపించడానికని హైమవతి నోరు తెరిచి, అందుకుని, మింగింది.

తియ్యగా ఉంది. తన ముద్ద విచ్చుకున్నాక ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ రుచి చూడలేదు. చేదు ఒక్కటే తెలుసు. తెల్లవారినప్పటి నుంచి ఆమె ఏమీ తినలేదు, ఆ సంగతి కడుపుకి అప్పుడే గుర్తొచ్చింది.

పావని నవ్వింది. ఈ పిల్ల నవ్వగలదని ధాత్రి రికార్డుల్లో ఎక్కడా లేదు. గబగబా ఇంకో ముద్ద నమిలి ఇచ్చింది. హైమవతి మళ్ళీ మింగి చూపించింది. "చూశావా? నువ్వూ అలాగే." పావని తలూపి, మూడోది నమిలి ఇచ్చింది. వద్దంటే ముఖం ముడుచుకుని ఏడుపు మొదలుపెట్టింది. తీసుకుంటే ఏడుపు ఆగింది. నాలుగు. ఐదు. ప్రతిసారీ ఇదే ఆఖరు, తర్వాతిది మింగుతుంది అనుకుంటూ హైమవతి తింటూనే ఉంది.

"పావని ఆరు ముద్దలూ తిన్నది," అంది ధాత్రి. "ఈ రోజు పోషణ పూర్తి. బరువు ఆరు కిలోల వంద గ్రాములు."

డబ్బా ఖాళీ. పావని అరచెయ్యి గౌనుకి తుడుచుకుంది. హైమవతి ఒళ్ళో వెనక్కి తిరిగి, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి, సాయంత్రం ముద్ద మింగాక వాళ్ళమ్మ తనని అడిగినట్టే అడిగింది.

"నిండిందా?"