పక్క సీటు ముందు రేకు

ఏదైనా ఎంచుకోమంటే చాలు, చిట్టి అవతలివాళ్ల ప్రాణం తోడేసేది. ఈసారి ఆ పాట్లు అన్నకొచ్చాయి. అతను రేకుల మేస్త్రి. తుక్కు కింద అమ్మేసిన పాత కారు కొని, మూడు నెలలు తంటాలుపడి చెల్లెలి కోసం బాగుచేశాడు. ఇక డాష్‌బోర్డు రేకులే మిగిలాయి. భర్త పోయాక ఏడాదిగా గడప దాటని పిల్ల, మర్నాడు దూరపు ఊళ్లో ఉద్యోగంలో చేరబోతోంది. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వుతుంటే మేస్త్రికి కడుపు నిండిపోయింది.

బల్ల మీద మూడు ముక్కలు పెట్టాడు. అద్దంలా మెరిసేదొకటి, సన్న గీతలదొకటి, మెరుపు లేని నలుపొకటి.

“అద్దందే! ముఖం చూసుకోవచ్చు.”

“రోడ్డు చూడవే తల్లీ!”

స్టీరింగ్ వైపొకటి, పక్క సీటు వైపొకటి మెరుపు రేకులు బిగించాడు. బయట వాన పట్టింది. షెడ్డులో మసకచీకటి. పాలిష్ వాసన, తడిసిన ఇనుము వాసన... మధ్యలో పులిసిన పాల వాసన. ఎక్కణ్నుంచో తెలియలేదు.

పక్క సీటు ముందు రేకు మీద అరచేయంత ఆవిరి పట్టింది. వాన చెమ్మ అనుకుని తుడిచాడు. మళ్లీ పట్టింది. చిట్టి వైపు రేకు మాత్రం పొడిగా ఉంది. ఆవిరి కరిగింది... పట్టింది... కరిగింది. ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. అదీ బాగా కిందికి. పెద్దవాళ్లు కూర్చుంటే నోరు అంత కిందికి రాదు.

చిట్టి స్టీరింగ్ పట్టుకుని కూనిరాగం తీస్తోంది.

“చిట్టీ... దిగు.”

“ఏమైందన్నయ్యా?”

ఆ వెలిగే ముఖం చూశాక మాట మార్చాడు.

“ఏం లేదే. ఎండకి కళ్లు జిగేల్మంటాయి. నలుపు వేస్తాను.”

నలుపు మీద ఆవిరి కనిపించదు. అది తెలిసే బిగించాడు. తెల్లారగానే కారు వెళ్లిపోయింది. మేస్త్రికి పని మీద చెయ్యి పడలేదు. పది దాటాక ఆగలేక ఫోన్ చేశాడు.

“చేరావా?”

“ఆఫీసు ముందే ఉన్నాను. గంటయింది. దిగలేదు.”

“చిట్టీ, నా మాట విను! ఆ కారు వదిలేసి దిగిపో!” అని అరిచాడు.

అవతలి నుంచి గుసగుస...

“మెల్లిగా అన్నయ్యా. ఇంతసేపూ ఏడ్చి ఏడ్చి, పాప ఇప్పుడే నా ఒళ్లో పడుకుంది.”