షెఫ్స్ టేబుల్‌లో రెండు కుర్చీలు

కొలంబో హార్బర్‌లో శవమై తేలే ముందు మన ఏజెంట్ పంపిన మెసేజ్‌లో మూడే ముక్కలున్నాయి. "మూడో రోజు. డిన్నర్. స్పెషాలిటీ రెస్టారెంట్."

ఏ రెస్టారెంటో టైప్ చేసేలోగా వెనకనుంచి తూటా దిగింది.

ఆ మెసేజ్‌ని ఇప్పుడు పులివెందుల చీనీకాయల మండీలో, బత్తాయి గుట్టల మధ్య ఒక ముక్కాలిపీట మీద కూర్చుని వనజమ్మ మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ముతక చీర, తలకి చుట్టిన తువ్వాలు. చూసినవాళ్ళెవరైనా దువ్వూరు నుంచి కాయ బేరానికి వచ్చిన రైతమ్మే అనుకుంటారు. దువ్వూరు సంగతి నిజమే. బేరం సంగతే అబద్ధం. ఢిల్లీలో ఆమె గది తలుపు తట్టాలంటే పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా ఓసారి గొంతు సవరించుకుంటారు.

ఏజెంట్ సుధీర్ వచ్చి ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు.

"రసముందా పెద్దమ్మా?"

"తోలు మందం. కోస్తే గానీ తెలీదు."

కోడ్ సరిపోయింది. సుధీర్ పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"సీ కౌస్తుభ. లగ్జరీ క్రూయిజ్ షిప్. చెన్నైలో బయల్దేరుతుంది," అంది వనజమ్మ, కాయలు ఏరుతూనే. "టికెట్‌తో వచ్చే మామూలు భోజనశాల కాకుండా ఆరు స్పెషాలిటీ రెస్టారెంట్లు ఉండాయి. ఇటాలియన్, జపనీస్, ఫ్రెంచ్, మెక్సికన్, స్టేక్‌హౌస్, షెఫ్స్ టేబుల్. ఏది కావాల్నో ముందే ఎంచుకుని బుక్ చేసుకోవాల."

"టార్గెట్?"

"కృష్ణచైతన్య. ప్రొద్దుటూరు నగల వ్యాపారి రామయ్య శెట్టి ఒక్కగానొక్క కొడుకు. సముద్రం అడుగున శత్రువుల సబ్‌మెరైన్ యాడుందో పసిగట్టే సోనార్ వాడు చేసిందే. సగం కంప్యూటర్‌లో ఉంది, అసలైన సగం వాడి తలలో ఉంది. అందుకే ఆ తలనే ఎత్తుకపోవాలని చూస్తాండారు."

"ఎట్ల?"

"సూప్‌లో మత్తు. ప్రతి రెస్టారెంటు వంటింటి నుంచీ సరుకుల లిఫ్టు కింద నీళ్ళ మట్టానికి పోతుంది. ఆడ తలుపు. తలుపు బయట స్పీడ్ బోటు. స్వీటు వచ్చేలోగా మనిషి దేశం దాటిపోతాడు."

"తండ్రి షష్టిపూర్తికి బంధువులంతా కలిసి పోతాండారు గదా. ప్రయాణం మానుకోమంటే సరిపాయె."

"ఈ తూరి మానుకుంటే వచ్చే తూరి యాడ ఎత్తుకపోతారో మనకేం తెల్సు? వాళ్ళు ఈడే చిక్కాల." వనజమ్మ గొంతు తగ్గించింది. "ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. ఐశ్వర్య. ఓడలో డైనింగ్ మేనేజర్. వాళ్ళు ఆమెను వాళ్ళ మనిషే అనుకుంటాండారు. మనం మన మనిషే అనుకుంటాండాం. మనమిచ్చిన కవర్ స్టోరీ, విశాఖపట్నం అమ్మాయి అని."

"నమ్మొచ్చా?"

"నమ్మమని పైనుంచి ఆర్డర్."

"నేనడిగింది అది కాదు మేడమ్."

వనజమ్మ కాయ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

* * *

ప్రొద్దుటూరులో రామయ్య శెట్టి ఇంటి హాల్లోకి సుధీర్ టూర్ మేనేజరుగా అడుగుపెట్టాడు. చేతిలో ట్యాబ్, చెవిలో కనబడని ఇయర్‌పీస్, జేబులో మత్తుసూది దాచిన పెన్ను. ఎదురుగా జంపఖానా మీద రామయ్య శెట్టి తరఫు వాళ్ళూ, ఆయన భార్య ఆదిలక్ష్మి తరఫు వాళ్ళూ కలిసి నలభై మంది దాకా ఉన్నారు. ఆ కళ్ళన్నీ అతని మీదే. గిల్టు నగ పట్టుకొచ్చి బంగారమని అమ్మజూపేవాణ్ణి చూసే చూపులవి.

"ఈ జపానోళ్ళ దాంట్లో ఏమిస్తారప్పా?" అని మొదలుపెట్టింది ఆదిలక్ష్మి.

"పచ్చి చేప..." అని నాలిక కరుచుకున్నాడు సుధీర్. "వెజిటేరియన్ కూడా ఉంటాదమ్మా."

"పెనం ఒకటేనా, వేరేనా?"

"వేరే."

"నువ్వు సూసినావా?"

"సూల్లేదమ్మా."

"సూడకుండా ఎట్ల చెప్తాండావు?"

డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఇంటరాగేషన్ తట్టుకునే ట్రైనింగ్ ఇచ్చారు. ఐసు గడ్డల మీద నిలబెట్టారు, కళ్ళలో లైట్లు కొట్టారు. ఆదిలక్ష్మి లాంటి మనిషిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టలేదు. అదీ లోపం!

"స్టేక్‌హౌస్ అంటే ఏంది?" అన్నాడు ఆమె తమ్ముడు నారాయణ.

"అది మనకొద్దు మామా."

"ఎందుకొద్దు? దుడ్లు కట్టించుకుని వద్దంటే ఎట్ల?"

"మామా, అది మనకొద్దు."

ఆ రెండోసారి అన్న తీరుకి, అక్కడ వడ్డించేది మాంసమని నారాయణకి అర్థమైంది. "శివశివా" అని లెంపలేసుకున్నాడు. నాటుకోడి పులుసు లేనిదే ఆదివారం గడవని పులివెందుల రెడ్ల బిడ్డ సుధీర్‌కి ఆరింటిలో మనసుపడ్డది అదొక్కటే. ఆ సంగతి గుటక వేసి మింగేశాడు.

అప్పుడు వచ్చింది ఐశ్వర్య. పెద్ద గ్రూపని ఓడ కంపెనీయే ఆమెని పంపింది. తెల్లని పట్టుచీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, గదంతా పరుచుకున్న సెంటు. ఐదు నిమిషాల్లో ఆడవాళ్ళందర్నీ బుట్టలో వేసుకుంది.

"మీరందరూ ఇటాలియన్ తీసుకోండి. శాకాహారానికి వంటగది విడిగా ఉంది, నేనే చూపిస్తాను," అంది. ఆ వెంటనే మూలన కూర్చున్న కృష్ణచైతన్య వైపు తిరిగింది. "మీలాంటి వారికి మాత్రం షెఫ్స్ టేబుల్ బాగుంటుంది. రెండే కుర్చీలు. వంట మీ కళ్ళముందే జరుగుతుంది."

పాపం, సోనార్ తప్ప మరో గొంతు వినని మనిషి. ఎన్ని సంబంధాలు చూసినా ఒక్కటీ కుదరలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అందరం ఒక్క తావే తింటాం మ్మా," అని ఆదిలక్ష్మి అడ్డుపడింది. ఐశ్వర్య నవ్వి ఊరుకుంది.

మెట్ల దగ్గర ఆమె సుధీర్ పక్కగా వచ్చింది. పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. "ఆఖరి నిమిషంలో అతన్ని జపనీస్ రెస్టారెంట్‌కి మారుస్తారు. పక్కా సమాచారం. నీ మనుషుల్ని అక్కడ పెట్టు."

"మరి షెఫ్స్ టేబుల్ అన్నావెందుకు?"

"ముఠా నా మీద కన్నేసి ఉంది. అసలు చోటు తెలీకుండా ముందు వేరే పేరు చెప్పమన్నారు, వాళ్ళ పని చేస్తున్నట్టు కనబడాలి కదా."

జవాబు సరిగ్గానే ఉంది. మరీ సరిగ్గా ఉంది. అడుగుతాడని ముందే తెలిసి సిద్ధం చేసుకున్నట్టుగా ఉంది. సుధీర్‌కి అరికాలిలో ముల్లు విరిగినట్టయింది. వనజమ్మకి ఫోన్ చేసి అనుమానం చెప్పాడు.

"నాకూ ఉంది," అంది ఆమె. "అయినా ఆర్డర్ ఆర్డరే. జపనీస్‌లో కాపలా పెట్టు. కండ్లు మాత్రం నీవి నువ్వు వాడుకో."

* * *

మూడో రోజు. పొద్దు సముద్రంలోకి దిగుతోంది.

ఓడ ముందు భాగంలో ఉన్న జపనీస్ రెస్టారెంట్‌లో వెయిటర్ల వేషంలో కమాండోలు ట్రేలు పట్టుకుని నిలబడ్డారు. అక్కడ ఒక్క అనుమానాస్పద మనిషి కూడా లేడు. ఎక్కడో ఒకచోట అనుమానం కలగకపోతేనే సుధీర్‌కి ఎక్కువ అనుమానం. వడివడిగా ఇటాలియన్ రెస్టారెంట్‌కి నడిచాడు. బంధుజనం పాస్తా పళ్ళేల ముందు కూర్చుని "ఇది మన సేమియానే గదా" అని తేల్చేసుకుంటున్నారు. కృష్ణచైతన్య కుర్చీ ఖాళీగా ఉంది.

"చైతన్య యాడమ్మా?"

ఆదిలక్ష్మి నవ్వు దాచుకోలేకపోయింది. "ఐశ్వర్యతో పోయినాడప్పా, ఆ రెండు కుర్చీల కాడికి. నిన్న ఆ పిల్లే నా చెవిలో చెప్పింది. వాళ్ళది జమ్మలమడుగంట. మన శెట్లేనంట! నేనే పోయి రా నాయనా అని పంపిస్తి."

డిపార్ట్‌మెంట్ ఆమెకి ఇచ్చిన ఊరు విశాఖపట్నం. మరి ఈ జమ్మలమడుగు ఎవరిచ్చారు?

ఇంకెవరు, ముఠానే. ఆమె అసలు వాళ్ళ మనిషే. కమాండోలు ఓడకి ఆ చివర ఉన్నారు. షెఫ్స్ టేబుల్ ఈ చివర. తనొక్కడే తలుపు విరగ్గొడితే వాళ్ళు ఆ కుర్రాణ్ణి లిఫ్ట్‌లోకి లాక్కుని మీట నొక్కేస్తారు. అంతే సంగతులు. తుపాకీ పనికిరాదు. కావలసింది మంద.

"అమ్మా," అన్నాడు సుధీర్, ఊపిరి కూడదీసుకుని. "పెద్దోళ్ళు లేకుండా పెండ్లిచూపులేందమ్మా? రేపు ప్రొద్దుటూరులో నలుగురూ అడిగితే ఏం చెప్తారు?"

ఆదిలక్ష్మి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"అదీ నిజమే గదప్పా! యోవ్ నారాయణా, లెయ్! ఆ పండ్ల బుట్ట పట్టుకో. అందరూ లేయండి!"

పాస్తా పాస్తాలాగే ఉండిపోయింది. పట్టుచీరలు, పంచెలు, పిల్లా జెల్లా అంతా కదిలారు. సుధీర్ ఇయర్‌పీస్‌లో ఒక్క మాట చెప్పాడు. "షెఫ్స్ టేబుల్. కింద లిఫ్ట్ తలుపు నుంచి రండి."

షెఫ్స్ టేబుల్ ముందు సూటు వేసుకున్న దుక్కలాంటి మనిషి అడ్డం నిలబడ్డాడు. "రిజర్వేషన్ ఓన్లీ." సుధీర్‌ని అయితే ఆపగలిగేవాడే. ఆదిలక్ష్మిని, ఆమె వెనక వస్తున్న తోడికోడళ్ళని ఆపడం ఎవరి తరం? "మా పిల్లోడు లోపలున్నాడు, పక్కకి జరుగు నాయనా," అని ఆమె మోచేత్తో తోసింది. జరిగాడు.

లోపల సన్నటి వెలుతురు. పొయ్యి దగ్గర తెల్ల టోపీల వంటవాళ్ళు. ఒకడి ఏప్రన్ కింద ఉబ్బెత్తుగా ఏదో ఉంది. వాళ్ళ వెనక సరుకుల లిఫ్టు నోరు తెరుచుకుని ఉంది. రెండు కుర్చీల్లో ఐశ్వర్య, కృష్ణచైతన్య. అతని ముందు పొగలు కక్కే సూపు.

ఐశ్వర్య ముఖం అర క్షణం పాలిపోయింది. అంతలోనే తేరుకుంది. "రండి అత్తయ్యా, కూర్చోండి." వెంటనే కృష్ణచైతన్య వైపు తిరిగి, "సూప్ చల్లారిపోతుంది, తీసుకోండి," అంది మెత్తగా.

కృష్ణచైతన్య స్పూను ముంచాడు. సుధీర్‌కీ అతనికీ మధ్య పిన్నమ్మలు, మేనత్తలు, పండ్ల బుట్ట. అరిస్తే ఏప్రన్ కిందిది బయటికొస్తుంది. ఇంతమంది పిల్లలున్న గదిలో! ఇన్నేళ్ళ సర్వీసులో సుధీర్‌కి ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. మనుషుల్ని తోసుకుంటూ ఒక్కో అడుగే వేస్తున్నాడు.

ఆదిలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెండ్లిచూపుల్లో మొదట అడగాల్సింది అడిగింది.

"గోత్రమేంది మ్మా మీది?"

ఐశ్వర్య కళ్ళు మెరిశాయి. ఈ ప్రశ్న వస్తుందని ముఠాకి తెలుసు. ఆమె తడుముకోకుండా, గర్వంగా చెప్పింది.

నారాయణ చేతిలోంచి చీనీకాయ ఒకటి జారి దొర్లుకుంటూ పోయింది.

అది రామయ్య శెట్టి ఇంటి గోత్రమే.

ముఠావాళ్ళు కృష్ణచైతన్య వివరాలన్నీ దొంగిలించి బట్టీ పట్టారు మరి! ఆ ఇంట్లో కలిసిపోవాలంటే ఆ ఇంటి గోత్రం కన్నా నమ్మకమైనది ఏముంటుంది అనుకున్నారు. ఒకే గోత్రమంటే తోబుట్టువుల కింద లెక్కని, ఇక పెళ్ళి మాటే ఎత్తకూడదని ఏ స్పై స్కూల్లోనూ నేర్పలేదు వాళ్ళకి.

"అయ్యో దేవుడా!" అని ఆదిలక్ష్మి లేచి నిలబడింది. "చైతన్యా, ఆ గంటె కింద పెట్టు నాయనా. లెయ్. ఆ పిల్ల నీకు చెల్లెలవుతాది!"

పెదవికి ఆనబోతున్న స్పూను టక్కున గిన్నెలో పడింది. కృష్ణచైతన్య ఎర్రబడిన చెవులతో లేచి రెండు చేతులూ జోడించాడు. "సారీ... చెల్లెమ్మా," అని తల్లి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఐశ్వర్య బిత్తరపోయింది. ఏం తప్పు చెప్పిందో ఆమెకి అర్థం కాలేదు. వంటవాళ్ళు ఆమె సైగ కోసం చూస్తున్నారు, ఆ సైగ చేయడానికే ఆమె చెయ్యి గ్లాసు వైపు కదిలింది. అప్పటికి సుధీర్ ఆమె భుజం దగ్గరికి చేరుకున్నాడు.

"మా ఆఫీసు నీకిచ్చింది విశాఖపట్నం," అన్నాడు చెవిలో. "జమ్మలమడుగు ఎవరిచ్చినారు తల్లీ?"

పెన్ను ఆమె మోచేతికి చీమ కుట్టినంత నొప్పితో తగిలింది. తల వాలిపోయింది.

"పాపం, ఆ పిల్లకి మనసు కష్టమై కళ్ళు తిరిగినట్టుండాయి," అని సుధీర్ గొంతు పెంచాడు. "మామా, అందర్నీ బయటికి తీసకపోండి. గాలి ఆడాల."

మగపిల్లవాడి తరఫువాళ్ళు ఇలాంటి చోట ఎక్కువసేపు ఉండకూడదని నారాయణకి తెలుసు. చిటికెలో గది ఖాళీ అయింది. ఆఖరి పట్టుచీర గడప దాటిందో లేదో, లిఫ్టులోంచి కమాండోలు దూకారు. ఏప్రన్ కింద చెయ్యి పెట్టినవాడు పిండి డబ్బాలో ముఖం పెట్టాడు. తక్కినవాళ్ళు పొయ్యి పక్కనే చేతులెత్తారు. సూటువాడు పారిపోబోయి తలుపు దగ్గరే దొరికాడు. కింద స్పీడ్ బోటుని కోస్ట్ గార్డ్ చుట్టుముట్టింది.

"శభాష్," అంది వనజమ్మ శాటిలైట్ ఫోన్‌లో. "ఆమెను నమ్మమని ఆర్డర్ ఇచ్చినోడు ఎవడో, వాని తలుపు ఇప్పుడే తట్టబోతాండా."

సుధీర్ ఇటాలియన్ రెస్టారెంట్‌కి తిరిగి వచ్చాడు. కృష్ణచైతన్య తండ్రి పక్కన కూర్చుని చల్లారిన పాస్తా తింటున్నాడు. బతికి, ఎదురుగా, మూతికి సాసు అంటించుకుని. ఆ తల్లి ఏం పోగొట్టుకోబోయిందో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

ఆదిలక్ష్మి మాత్రం చెయ్యి చెంపకి ఆనించుకుని దిగులుగా కూర్చుని ఉంది.

"సూడప్పా సుధీరూ, అందముంది, చదువుంది, మాట మంచిగుంది. వేరే గోత్రమై ఉండింటే ఈడనే తాంబూలాలు మార్చుకుంటాంటిమి. అంత తెలివైన పిల్ల మాకింగ దొరకతాదా?"

"అవునమ్మా," అన్నాడు సుధీర్. "శానా తెలివైన పిల్ల."

పరిచయమైన దగ్గర్నుంచి అతను ఆదిలక్ష్మితో మనసారా చెప్పిన మొదటి నిజం అదే.